ఎడమ చుట్టు

నమోదు 611

ముడిపేట వినికిడి గది, పసుపు పొర. రాస్తున్నది చూడామణి, ముడి కాపరి.

పొరకొకటిగా ముడి మోత వినే మూడు బాకాలూ తుడిచాను. మోత నిన్నటికంటే కాస్త పెరిగింది. ఈ పుస్తకంలో మోత సంగతి తప్ప ఇంకేమీ రాయొద్దని పెద్దాఫీసు వాళ్లు ఇప్పటికే రెండుసార్లు చెప్పారు. మోత సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. మిగతా పేజీ తెల్లగా వదిలేయడానికి నాకు మనసొప్పదు. కాబట్టి రాస్తాను, ఇష్టం లేనివాళ్లు పేజీ తిప్పుకోవచ్చు.

కరివేపాకు నిండుకుంది. ముడికి ఒక చుట్టు తిరిగి సున్నం పొరకి వెళ్లి, బజారులో కొన్నాను. ఇంకో చుట్టు తిరిగి పారాణి పొరకి వెళ్లి, చాకిరేవులో వేసిన దుప్పట్లు తెచ్చుకున్నాను. మూడో చుట్టుకి మళ్లీ మా పసుపులోకి వచ్చిపడ్డాను. ముడిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవడం, అంతే. మూడు పొరల్లోనూ అదే నేల, అదే కొండ, అదే ఎండ. ఇళ్లూ మనుషులూ వేరు.

మా ఆయన పరాంకుశం గారు సున్నంలో ఉంటారు, వాళ్లమ్మగారితో. నేను పసుపులో ఉంటాను, కాపరి బాకాల పక్కనే పడుకోవాలని రూలు కాబట్టి. మూడు పొరల్లోనూ ఒక స్థలం ఒకే కుటుంబానిది అవుతుంది గనక ఆయన వంటిల్లూ నా వంటిల్లూ ఒక్కచోటే ఉన్నాయి. ఆయన పోపు పెడితే వాసన మాత్రం నాకు రాదు. పారాణిలో ఉన్న మూడో ఇల్లు అద్దెకిచ్చాం.

నేను ఆయన దగ్గరికి వెళ్లాలంటే ఒక చుట్టు, ఆయన నా దగ్గరికి రావాలంటే రెండు. అందుకని నేనే రావడం న్యాయమని ఆయన వాదన. పెళ్లయిన దగ్గర్నుంచి ఇదే వాదన, నేనే వెళ్తున్నాను.

నమోదు 614

పెద్దాఫీసు నుంచి తంతి వచ్చింది. తూర్పు ముడి మన వైపు జరుగుతోందట, మోత పెరగడానికి అదే కారణమట. ముడులు జరగడం కొత్తేమీ కాదు గానీ ఇంత గట్టిగా జరగడం ఎవరూ చూడలేదు.

భయపడొద్దని కూడా రాశారు. ఒకే తీరు మెలిక ఉన్న రెండు ముడులు కలిస్తే ఒకే పెద్ద ముడి అవుతుంది, దారి మాత్రం పోదు. అప్పట్నుంచి ఒక్కో చుట్టుకి ఒక పొర బదులు రెండు పొరలు దాటతాం. అంటే నాకు రేవు దగ్గరవుతుంది, బజారూ మొగుడూ దూరమవుతారు. దాన్దేముంది, అలవాటు చేసుకుంటాం.

పైగా సముద్రం అవతల మూడో ముడి ఉండనే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. కానీ ఉండి తీరాలని బడిలో చెబుతారు. ప్రపంచం బంతి కదా, ఉన్న ముడులన్నిటినీ కలిపి ఒకే చుట్టు తిరిగామనుకోండి. బంతి అవతలి పక్క నుంచి చూసేవాడికి మనం ఖాళీ నేల చుట్టూ తిరిగినట్టే. ఖాళీ నేల చుట్టూ తిరిగినవాడు బయల్దేరిన ఇంటికే రావాలి. మన ముడి ఒక పొర దాటిస్తుంది, తూర్పుది ఇంకొకటి. ఇల్లు చేరాలంటే మూడో పొర దాటించే ముడి ఎక్కడో ఒకచోట ఉండాలి. చిన్నప్పుడు ఈ లెక్క విని నేను సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టేదాన్ని.

నమోదు 622

మోత మళ్లీ పెరిగింది. మూడు బాకాలూ కలిపి వింటే ఎప్పుడూ ప్రశాంతమే, ఊళ్లోవాళ్లు అదే విని పోతుంటారు. ఒకదానికీ ఒకదానికీ ఉన్న తేడాని వినాలి. ఆ తేడానే పెరుగుతోంది.

పెద్దాఫీసు పంపిన లెక్క ఏమిటంటే, ముడుల మధ్య దూరం సగమైతే మోత రెట్టింపు. చిక్కల్లా, అసలు దూరం ఎంతో మోత చెప్పదు. కోసు సగమైనా అదే రెట్టింపు, గజం సగమైనా అదే రెట్టింపు. ఇది నా బుర్రకెక్కేది కాదు. మా ఆయన హార్మోనియంలు బాగుచేస్తారు, ఆయన ఒక్క మాటలో తేల్చారు. శ్రుతి కింద పెట్టుకున్నా పైన పెట్టుకున్నా స నుంచి ప కి ఉన్న ఎడం ఒక్కటే, ఎడం విని శ్రుతి ఎక్కడుందో చెప్పమంటే ఎవడు చెబుతాడు అన్నారు. ఆయన మాటలు చాలావరకు పెట్టెల మరమ్మతు గురించే ఉంటాయి గానీ అప్పుడప్పుడు ఇలా పనికొస్తాయి.

అత్తయ్యగారు చక్రాల కుర్చీలోంచి అంతా విన్నారు. ఆవిడ పేరు అలివేలమ్మ. కాళ్లు పడిపోయి చాలాకాలమైంది, నోటికేమీ కాలేదని ఆవిడే చెప్పుకుంటారు. దూరమెంతో తెలియని దానికి జీతమెందుకిస్తున్నారే నీకు అని అడిగారు.

నమోదు 630

లెక్క ప్రకారం అయితే తూర్పు ముడి ఇప్పటికి పరుగెత్తుతూ ఉండాలి. మోత అంత జోరుగా పెరుగుతోంది. తంతి కొట్టాను. బాకాలు శుభ్రం చేసుకోమని జవాబొచ్చింది. పొద్దున్నే లేచి ఆ బాకాల్ని కన్నపిల్లల్లా తుడిచే మనిషిని నేను. ఒళ్లు మండింది.

నమోదు 637

తూర్పు ముడి కాపరి గుర్నాథం వచ్చాడు. పసుపు పొర మనిషే, నేల మీద బండి కట్టుకుని వచ్చాడు. ఆయన ముడి జరిగిన కొద్దీ ఆయనా గుడారం పీక్కుంటూ వెనకే వస్తున్నాడు. ఇన్నేళ్లుగా తంతి మీద మాట్లాడుకోవడమే గానీ చూసుకోలేదు. భుజాన ఒక పెద్ద తాడు చుట్ట ఉంది. దాంతో రోజూ దూరం కొలుస్తున్నాడట. పెద్దాఫీసులో ఎవరికీ తట్టని పని.

ఆయన తాడు లెక్కా నా మోత లెక్కా పక్కపక్కన పెట్టుకున్నాం. దూరం సరిగ్గా సగమైన చోట నా మోత నాలుగింతలైంది. రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆయన ముడి పరుగెత్తడం లేదు, మామూలుగానే వస్తోంది. ఇద్దరం బుర్ర గోక్కున్నాం. భోంచేశాక ఆలోచిద్దామన్నాను. భోజనం సున్నంలో, మా ఆయనింట్లో. అత్తయ్యగారికి సాయం చేయాలని నేను ముందు వెళ్లాను. ఒక చుట్టు తిరిగి వచ్చేయండి, నీలం తలుపు అని చెప్పాను.

అన్నం చల్లారింది. మనిషి రాలేదు. ఎప్పటికో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఒక చుట్టు తిరిగి తలుపు కొడితే పారాణిలో మా అద్దెవాళ్లు తీశారట. పాపం మజ్జిగిచ్చి పంపారట. ఇంకో చుట్టు తిరిగితే మేం కనబడ్డామట.

"మీ ముడి చెడిపోయినట్టుంది తల్లీ," అన్నాడు. "ఒక చుట్టుకి సున్నం వస్తుందంటిరి. నాకు పారాణి వచ్చె."

ఆకలికి చుట్లు లెక్క తప్పారేమో అని నేను వేళాకోళం చేశాను. తప్పలేదన్నాడు. అయితే ఎలా నడిచారో చూపించమన్నాను. పెరట్లో రోలుంది. దాని చుట్టూ నడిచాడు, రోలుని ఎడమచేతి వైపు ఉంచుకుని.

అత్తయ్యగారు కళ్లు మూసుకున్నారు. మాకు ఎడమ చుట్టు శవం వెంట నడిచేటప్పుడే. మరెప్పుడూ తిరగం, పిల్లలు ఆటకి తిరిగినా దెబ్బలు తింటారు.

"మా తట్టు అందరం ఇట్లనే తిరుగుతాం గదమ్మా," అన్నాడు గుర్నాథం. "ఇంకెట్ల తిరుగుతారు?"

"ఎప్పుడూ చెప్పలేదే మీరు?"

"మీరు అడగలేదు గదా."

అడగలేదు. నాకు ముందు కాపరిగా ఉన్న మా అమ్మ అడగలేదు, ఆవిడకి ముందున్న కాపరి అడగలేదు. ఒక చుట్టుకి పసుపు నుంచి సున్నం, మా దగ్గరా అంతే, మా దగ్గరా అంతే అని ఇన్ని తరాలుగా తంతులు కొట్టుకుని మురిసిపోయాం. ఏ చెయ్యి అని ఏ ఒక్కరూ రాయలేదు. తిరగడం అంటే ఒక్కటే తీరని వాళ్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. గుర్నాథం పప్పు కలుపుకుంటూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నమోదు 638

గుర్నాథంతో ఆయన ముడి దగ్గరికి వెళ్లాను. ముడిని కుడిచేతి వైపు ఉంచుకుని మా తీరున ఒక చుట్టు తిరిగాను. సున్నం రాలేదు. పారాణి వచ్చింది.

కాబట్టి ఆయన ముడి మెలిక మా మెలికకి ఎదురు. పెద్దాఫీసు రెట్టింపు లెక్క ఒకే తీరు మెలికలకి, ఎదురు మెలికలు దగ్గరైతే మోత నాలుగింతలే అవుతుంది, ఇప్పుడు లెక్క సరిపోయింది. అవి కలిస్తే పెద్ద ముడి అవదు. ఒకదాన్నొకటి విప్పేసుకుంటాయి. ఆ తర్వాత ఆ చోటు ఉత్త నేల. పసుపు పసుపే, సున్నం సున్నమే, పారాణి పారాణే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారుండదు.

ఇంకో సంగతి తోవలో తట్టింది. మాది ఒక పొర ముందుకి, వాళ్లది ఒక పొర వెనక్కి. రెండూ కలిపి తిరిగితే ఇంటికే వస్తాం. మూడో ముడి అక్కర్లేదు. సముద్రం అవతల ఏమీ లేదు, ఎప్పుడూ లేదు. దారి పక్కన కూలబడ్డాను. గుర్నాథం నీళ్లిచ్చాడు. మంచి మనిషి.

నమోదు 640

పెద్దాఫీసుకి తంతి కొట్టాను. కమిటీ వేస్తామన్నారు. ఆ కమిటీలో మూడు పొరలవాళ్లూ ఉండాలి కాబట్టి త్వరగా కూర్చోండి, తర్వాత ఒకరికొకరు కనబడరు అని రాశాను. దానికి మాత్రం వెంటనే జవాబొచ్చింది. మూడు పొరల్లోనూ దండోరా వేయించారు. ఎవరు ఏ పొరలో ఉండదలచుకున్నారో ఇప్పుడే చేరిపోవాలి.

గోల జరుగుతుందనుకున్నాను. జరగలేదు. జనం మంచాలూ బిందెలూ మోసుకుంటూ వరసగా నడుస్తున్నారు. మా అద్దెవాళ్లు కొడుకున్న సున్నానికి వెళ్లిపోయారు, తాళం చెవి ఇచ్చి, దొడ్లో బీరపాదుకి నీళ్లు పోయమని చెప్పి. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు గానీ నడక ఆపడం లేదు.

నమోదు 643

ఆయన్ని రమ్మని నేను అడగలేదు. నన్ను రమ్మని ఆయనా అడగలేదు. ఆయనకి దుకాణం ఉంది, కదలలేని తల్లి ఉంది. నాకు ఉద్యోగం ఉంది, ఆఖరి మనిషి దాటేదాకా కాపరి కదలకూడదు. ఇవన్నీ నిజమే గానీ అసలు సంగతి ఇది కాదు. ఎప్పుడూ నేనే వెళ్లాను కదా, ఈ ఒక్కసారి ఆయన నోటితో రమ్మంటే ఏం పోయింది అని నా పంతం. ఆయన పంతం ఏమిటో నాకు తెలియదు.

ఇవాళ సున్నం బాకాలో ఆయన గొంతు వినబడింది.

"తిన్నావా?"

"తిన్నాను. ఏం చేస్తున్నారు?"

"ఏదో, పెట్టెలు దులుపుతున్నా."

"అత్తయ్యగారు?"

"బాగానే ఉంది."

తర్వాత ఎవరో పిలిస్తే వెళ్లారు. ఆయన లేని పొర నాకొద్దు. ఈ ముక్క బాకాలో చెప్పాల్సింది, పెద్దాఫీసు వాళ్ల పుస్తకంలో రాస్తున్నాను.

నమోదు 645

తీర్మానించుకున్నాను. ఆఖరి మనిషి దాటగానే దాటేవాళ్లకి కొట్టే కాపరి గంట గుర్నాథానికి అప్పగించి, ఒక చుట్టు తిరిగి సున్నం వెళ్లిపోతాను. గుర్నాథం పెళ్లాంబిడ్డలు పసుపులోనే ఉన్నారు, ఆయన ఇక్కడే ఉంటాడు. నా ఇల్లు వాడుకోమన్నాను. మల్లెపొదకి పేడ వేయమన్నాను. మా ఆయనకి ముందుగా చెప్పను, నీలం తలుపు తీసి నన్ను చూసినప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలి.

నమోదు 646

ఇది తర్వాత రాస్తున్నాను, పొద్దున నడుముకి దోపుకున్న ఈ పుస్తకం తీసి.

రెండు ముడుల మధ్య దారి పొద్దుటికే సందు అయిపోయింది. మన ముడి ఒక్కదాన్నే చుట్టాలంటే ఆ సందులోంచే పోవాలి. దగ్గర నిలబడితే పళ్లు జిల్లుమంటున్నాయి. నేనో చివర, గుర్నాథం ఇంకో చివర నిలబడి ఒక్కొక్కళ్లనే దాటించాం. వరస పెద్దది. మధ్యాహ్నానికి బిందెలు వదిలేసి రమ్మన్నాం. ఆ తర్వాత పక్కకి తిరిగి నడవమన్నాం.

పారాణి నుంచి పసుపులోకి వచ్చే వరస అయిపోవచ్చింది, గుర్నాథం కూడా నా చివరకి వచ్చేశాడు. ఇక నేను బయల్దేరదామని గంట తాడు విప్పుతుంటే, సందు అవతలి కొస మీద మా ఆయన కనబడ్డారు. ముందు చక్రాల కుర్చీ, అందులో అత్తయ్యగారు, ఆవిడ ఒళ్లో ఒక హార్మోనియం.

సున్నంలో ఉండాల్సిన మనిషి. నా దగ్గరికి వచ్చేస్తున్నారు. తెల్లారుతూనే బయల్దేరారట. ఎడమ చుట్టు తిరిగితే ఒక్క చుట్టులో నా దగ్గరుండేవారు. గుర్నాథం చూపించాడు కదా, ఆయనకీ తెలుసు. కానీ బతికుండగా నన్ను ఎడమ చుట్టు తిప్పుతావురా అని అత్తయ్యగారు కుర్చీ చక్రం పట్టుకుని కూర్చున్నారట. అందుకని కుడి వైపు నుంచి రెండు చుట్లు. మొదటి చుట్టుకి పారాణి చేరారు, అక్కడ వరసలో పడ్డారు, పూటంతా నిలబడ్డారు.

"మణీ, కుర్చీ పట్టడం లేదు," అన్నారు.

"మీరెందుకు బయల్దేరారు? నేనే వద్దామనుకున్నాను కదా."

"చెప్పావా?"

"మీరు చెప్పారా?"

"వాదులాడుకోవడానికి మంచి తీరిక దొరికింది ఇద్దరికీ," అన్నారు అత్తయ్యగారు. "ఒరే, నన్నిక్కడ వదిలేసి నువ్వు పో. అది ఎదురుగా నిలబడి ఉంది, పో."

ఒక్క మనిషి పక్కకి తిరిగితే పట్టే దారి. ఎత్తుకుని తేవడానికి లేదు. ఆయన కుర్చీ పిడి వదల్లేదు. వదలరని నాకు తెలుసు. వదిలేసి వచ్చే మనిషైతే ఆయన కోసం నేను ఇన్నాళ్లు లోపల్లోపల ఏడ్చేదాన్ని కాదు.

కుడి చుట్టు తిరిగితే నేను సున్నం చేరతాను, ఖాళీ ఇంటికి. ఇంకో చుట్టు తిరిగితే పారాణి, కానీ అంతసేపు సందు ఆగదు. ఎడమ చుట్టు అయితే పారాణికి నాలుగడుగులు. శవం వెంట తప్ప ఎవరూ నడవని నాలుగడుగులు. మా అమ్మ బతికుంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

గంట తాడు గుర్నాథం చేతిలో పెట్టాను.

"ఎట్ల తిరగాల్నో చెప్పేదా తల్లీ?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"చూశానుగా," అన్నాను.

ముడి ఎడమచేతి వైపు వచ్చేలా తిరిగి లోపలికి దూరాను. లోపల మూడు పొరల మోతా ఒక్కసారే వినబడింది, బాకాలు లేకుండా. బజారు కేకలు, రేవులో బండల చప్పుడు, మా ఇంటి దగ్గర కోళ్లు. ఎవరినో పేరు పెట్టి పిలవాలనిపించింది గానీ ఎవరినని పిలవను. చీర కొంగు దేనికో పట్టుకుంది, లాగాను, చిరిగింది. ఆయన చెయ్యి దొరికింది.

వెనక్కి తిరిగి చూసేసరికి సందు లేదు. అవతల గుర్నాథం లేడు, మా ఇంటి కప్పు లేదు. మోత ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి చెవిలో ఉన్న మోత. ఆగిపోయాక గానీ అది ఎంత పెద్దదో తెలియలేదు.

అత్తయ్యగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఎడమ చుట్టు తిరిగొచ్చావుటే," అన్నారు. తర్వాత హార్మోనియం ఆయన చేతికిచ్చి, నన్ను వంగమని, చిరిగిన కొంగు నా భుజం మీద సర్దారు.

నమోదు 647

పారాణి. ఇక్కడ వినికిడి గది లేదు, మోత లేదు, పుస్తకం అడిగేవాళ్లు లేరు. అయినా రాస్తున్నాను.

అద్దెకిచ్చిన ఇంట్లో దిగాం. ముగ్గురం ఒకే కప్పు కింద ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలు. ఆయన గురక పెడతారని నాకు తెలియదు. పసుపులో వదిలేసిన వాళ్లు ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. పాలు పోసే మనిషికి చెప్పిరాలేదు. ఏడుపొస్తోంది, బీరపాదుకి నీళ్లు పోసుకుంటూ ఏడ్చాను.

పొద్దున ఆయనకీ నాకూ మాటా మాటా పెరిగింది. వంటింటి గట్టు మీద హార్మోనియం రీడ్లు ఆరబెట్టారు. నేను తీయమన్నాను, ఆయన తీయనన్నారు. మీ ఇల్లు, మీ ఇష్టం, నేను మా ఇంటికి పోతున్నా అని చెప్పులేసుకుని బయటపడ్డాను. కాళ్లకి తెలిసిన దారి కదా, అవే ముడి దగ్గరికి తీసుకెళ్లాయి. అక్కడ గడ్డి ఉంది, ఓ మేక మేస్తోంది. కోపంలో ఉన్నాను, ఆగలేదు. మేకని కుడిచేతి వైపు ఉంచుకుని ఒక చుట్టు పూర్తిగా తిరిగి, వచ్చిన దారినే నడిచి తలెత్తాను.

అదే ఇల్లు. అదే గుమ్మం. గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు.

"ఎక్కడికొచ్చావు?" అన్నారు.

"మా ఇంటికి," అన్నాను.

ఆయన పక్కకి జరిగి దారిచ్చారు.